గురులింగప్ప రాసిన రెండు మాటలు

గురులింగప్పకు కోపం వస్తే తిట్టేవాడు కాదు, ఉమ్మేవాడు. ఆ ఉమ్మడానికీ ఒక పద్ధతి ఉండేది. మైదానం మీద ఉమ్మితే పాపం అన్నట్టు, ఎంత అసహ్యం వేసినా నోట్లోనే పట్టుకుని, ఉత్తరం గోల్‌పోస్టు వెనక్కి నడిచి, తంగేడు పొదలు దాటి, మురికి కాలువ ఒడ్డున నిలబడి అక్కడ థూ అని వచ్చేవాడు. పోను ముప్పై అడుగులు, రాను ముప్పై అడుగులు. 1984లో పంపుల కర్మాగారం టీము వరసగా ఓడిపోతున్న రోజుల్లో, ముసలాయన కాలువకు ఎన్నిసార్లు పోయి వచ్చాడో చూసి ఆటగాళ్లు తమ ఆట ఎలా ఉందో తెలుసుకునేవారు. రెండుసార్లయితే ఫరవాలేదు. ఆరుసార్లు పోతే మాట్లాడకుండా బూట్లు విప్పుకుని ఇళ్లకు పోయేవారు.

మైదానం మీద ఎందుకు ఉమ్మడంటే, అది ఒకప్పుడు ఆయన అల్లం చేను.

జహీరాబాద్ నుంచి బొంబాయి రోడ్డు మీద చిరాగ్‌పల్లి వైపు పోతుంటే ఎడమ చేతికి ఆ ఎర్రనేల వచ్చేది. అందులో అల్లం వేస్తే వేళ్లు బొద్దుగా, నార లేకుండా దిగేవి. 1975లో అక్కడ పంపుసెట్ల కర్మాగారం పెడతామని వచ్చిన వాళ్లు నాలుగెకరాలూ తీసుకున్నారు. పరిహారం ఇచ్చారు, పెద్ద కొడుక్కి లోపల ఉద్యోగం ఇచ్చారు, గురులింగప్పకు గడ్డి చూసుకునే పని ఇచ్చారు. మూడేళ్ల తర్వాత యజమానులకు పేరు మీద మోజు పుట్టి, ఫుట్‌బాల్ టీము పెట్టి, పట్నంలో జరిగే కంపెనీల లీగులో ఆడించడం మొదలుపెట్టారు. ఆటగాళ్లు పంపులు చేసేవారు కాదు. బంతి ఆడటమే వాళ్ల ఉద్యోగం, దానికే జీతం. వాళ్లు ఆడటానికి చదును చేసిన మైదానం గురులింగప్ప చేను మీదనే పడింది. అలా ఆయన తన చేనికే తాను కాపలాదారు అయ్యాడు. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ పెంటకుప్ప పోసేవాడో, ఎక్కడ రాయి తగులుతుందో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు.

గురులింగప్పది సరిహద్దు కుటుంబం. తల్లిగారి ఊరు బీదర్ వైపు. చిన్నప్పుడు అక్కడే ఉండి కన్నడంలో మూడో తరగతి దాకా చదివాడు. ఇంట్లో భార్య నాగవ్వతో కన్నడం, బజారులో తెలుగు, సంతలో ఆ రెండింటితో పాటు ఉర్దూ. తెలుగు తడుముకుంటూ చదువుతాడు, రాయడం మాత్రం కన్నడంలోనే వచ్చు. ఆ మూడు తరగతుల చదువుకంటే ఆయనకు పేరు తెచ్చింది ఎద్దుల బేరం. కోహీర్ నుంచి, సరిహద్దు అవతలి నుంచి రైతులు ఎద్దులు కొనబోతూ ఆయన్ని వెంట తీసుకుపోయేవారు. ఆయన పళ్లు లెక్కపెట్టేవాడు కాదు. మెడ మీద కాడి రాపు చూసేవాడు, తోక మెలిక చూసేవాడు, పక్కల్లో ముల్లుగర్ర గుచ్చిన మచ్చలు చూసేవాడు. "ఎద్దు మెడ జూస్తే దున్నినోడు తెలుస్తడు" అనేవాడు. చూశాక ఒకే మాట చెప్పేవాడు. తీసుకోదగ్గదయితే "బేకు". కాకపోతే "బేడ". కన్నడంలో కావాలి, వద్దు. అంతే. ఎందుకని అడిగితే, అడిగినవాడి మొహం చూసి ఊరుకునేవాడు.

టీము మొదటి నాలుగేళ్లు బాగానే ఆడింది. అప్పట్లో మధ్యలో ఆడేవాడు ప్రకాశం. జహీరాబాద్‌లో చర్చి వెనక గల్లీ పిల్లవాడు, ఒట్టి కాళ్లతో నేర్చుకున్న ఆట. 1980లో మోకాలు విరిగింది. కంపెనీ వాళ్లు ఆ ఒక్కసారి మంచి పని చేసి, అతన్ని చిన్న కోచ్‌గా పెట్టుకున్నారు. రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. ప్రకాశం కుంటుతూనే పిల్లలకు ఆట నేర్పేవాడు.

1982లో పెద్ద కోచ్ వచ్చాడు. పేరు అమర్నాథ్. పట్నం మనిషి. ఎన్నడో ఏదో పెద్ద టీములో బెంచి మీద కూర్చున్న ఫొటో ఒకటి అద్దం కట్టించి తెచ్చుకున్నాడు. అంతకంటే పెద్ద అర్హత ఏమిటంటే, కర్మాగారం పెద్ద మేనేజరుకు తోడల్లుడు. వెంట ఒక కసరత్తు మాస్టరును కూడా తెచ్చాడు. ఆటగాళ్లకు పొద్దున మనిషికి రెండు ఉడకబెట్టిన గుడ్లు వచ్చేవి. ఈ మాస్టరు వచ్చాక మనిషికి ఒకటే చేరేది. అందుకని కార్మికులంతా ఆయన్ని గుడ్ల మాస్టరు అనేవారు, అసలు పేరు ఎవరూ పట్టించుకోలేదు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటారు.

ఈ ఇద్దరినీ చూసిన రెండేళ్లలో గురులింగప్ప కాలువ దగ్గరికి నడిచి నడిచి గడ్డిలో ఒక బాట పడింది.

ఓటములు పదకొండు అయ్యేసరికి యజమానులు పట్నం నుంచి ఉత్తరం రాశారు. టీము ఎందుకు ఓడుతోందో తేల్చండి, కోచ్‌లలో ఎవరు పనికిరారో వాళ్లను తీసేయండి అని. పెద్ద మేనేజరు ఆ పని సిబ్బంది ఆఫీసరు ఇంద్రసేనకు అప్పగించాడు. ఇంద్రసేన ఐదుగురితో కమిటీ వేశాడు. తాను ఒకడు, లెక్కల గుమాస్తా ఒకడు, యూనియన్ నాయకుడు, టీము కెప్టెన్, ఐదోవాడు గురులింగప్ప.

"కూసో గురులింగం" అన్నాడు ఇంద్రసేన, కుర్చీ చూపించకుండానే. "ముగ్గురు కోచ్‌ల మీద మన ఐదుగురం అభిప్రాయం రాయాలె. గ్రౌండు దిక్కు నుంచి నువ్వు."

"బంతి సంగతి నాకేం ఎర్క సారూ."

"ఆరేండ్ల సంది చూస్తనే ఉన్నవు గద. పెద్ద రామాయణం అవసరం లేదు. మనిషి పనికొస్తడా, బేకార్ గున్నడా, గంతే రాయి. ఎవలో ఒకలు ఇంటికి పోవాలె."

చేతిలో ఒక కాగితం పెట్టాడు. అందులో మూడు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఖాళీ గీత. ఎనిమిది రోజులు గడువు ఇవ్వమని గురులింగప్ప అడిగాడు. ఈ ముసలాయనకు ఎనిమిది రోజులెందుకో ఇంద్రసేనకు అర్థం కాలేదు గానీ, సరే పొమ్మన్నాడు.

గురులింగప్ప ఆ ఎనిమిది రోజులూ కోచ్‌ల వంక చూడలేదు. ఆటగాళ్ల కాళ్లు చూశాడు. ఆట అయ్యాక వాళ్లు నల్లా దగ్గర కాళ్లు కడుక్కునేటప్పుడు పక్కన కూర్చుని బూట్లకు మట్టి దులుపుతూ ఒక్కొక్కరి మడమ, గోరు, మోకాలు గమనించాడు. తర్వాత నేల చూశాడు. వేప చెట్టు నీడలో అమర్నాథ్ పేము కుర్చీ వేసుకునే చోట నాలుగు గుంటలు పడ్డాయి. రెండేళ్లుగా ఆ గుంటలు ఒక్క జానెడు అటూ ఇటూ జరగలేదు. ఆయన బూట్లకు ఎర్రమట్టి అంటగా ఒక్కనాడూ చూసినవారు లేరు. గుడ్ల మాస్టరు జాడ వంటశాల దారిలో తప్ప ఎక్కడా కనిపించలేదు. ఇక ప్రకాశం చెప్పుల గుర్తులు, ఒక కాలు లోతుగా ఒక కాలు తేలిగ్గా, మైదానం నాలుగు మూలలా ఉన్నాయి. పొద్దున్నే మంచు మీద చూస్తే ఎవరికంటే ముందు అతనే వచ్చి పోయినట్టు తెలుస్తుంది.

ఒకనాడు ప్రకాశమే వచ్చి అడిగాడు. "పెద్దయ్యా, మన గ్రౌండుల ఏడ మెత్తగుంటది? రామ్‌కిషన్ మోకాలు బాగలేదు. ఆ పక్కకు మెల్లగ నడిపిస్త."

"గా పడమటి మూలకు పో. ముప్పై ఏండ్లు పెంట పోసిన జాగ అది" అన్నాడు గురులింగప్ప. తొమ్మిదేళ్లలో ఆ నేల గురించి తనను ఒక మాట అడిగిన మనిషి అతనొక్కడే అని ఆయనకు అప్పుడు తట్టింది.

రామ్‌కిషన్ ఎడమ పక్క ఆడేవాడు. ఇరవై ఏళ్లుంటాయి. ఉరికితే పట్టుకునేవాడు లేడు. అతని మోకాలు మారేడు కాయంత వాచి ఉంది. ప్రకాశం రోజూ సొంఠి అరగదీసి, వెచ్చజేసి పట్టు వేసి, గుడ్డ కట్టేవాడు. పది దినాలు ఆడనీయొద్దని అమర్నాథ్‌కు చెప్పాడు. అమర్నాథ్ కుర్చీలోంచి లేవకుండానే విన్నాడు.

"నీ మోకాలు పోయిందని అందరి మోకాళ్ల మీద ఏడుస్తున్నావా" అన్నాడు. తర్వాత ఈల ఊది, నిన్న బంతి వదిలేశాడన్న కోపానికి, ఆ రామ్‌కిషన్ చేతనే మైదానం చుట్టూ కప్ప గంతులు వేయించాడు. పిల్లవాడు మూడో మూల దగ్గర కూలబడ్డాడు. గుడ్ల మాస్టరు నవ్వాడు. గురులింగప్ప ఆనాడు కాలువ దాకా పోలేకపోయాడు. తంగేడు పొద దగ్గరే అయిపోయింది.

ఆ ఆదివారం మళ్లీ ఓడిపోయారు. అమర్నాథ్ పెద్ద మేనేజరుతో, గ్రౌండు సరిగ్గా లేదు, గడ్డి ఎగుడుదిగుడుగా ఉంది అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆ మాట గురులింగప్ప చెవిన పడింది. ఒళ్లు మండిపోయింది. అయినా ఆయన న్యాయం తప్పే మనిషి కాదు. నా నేలను అన్నాడని నేను రాయొద్దు, ఎద్దు మెడ చెప్పిందే రాయాలె అనుకుని, ఆ కోపం దిగేదాకా ఇంకో రెండు రోజులు ఆగాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం గుమ్మంలో కూర్చుని, మనవడి పెన్సిల్ చెక్కి, నాలుక మీద తడిపి రాశాడు. అమర్నాథ్ పక్కన బేడ. గుడ్ల మాస్టరు పక్కన బేడ. ప్రకాశం పక్కన బేకు. కన్నడ అక్షరాలే గానీ, తెలుగు వచ్చినవాడు ఎవడైనా కూడబలుక్కుని చదవగలడు. ఆ రెండు లిపులు అక్కచెల్లెళ్లు.

నాగవ్వ పక్కకు వచ్చి చూసింది. ఆమెకు చదువు రాదు, చదివించుకుని వింది.

"ఇంకో రెండు ముక్కలు రాయరాదా" అంది. "ఎందుకు బేకో, ఎందుకు బేడనో. ఆ ఆఫీసోల్లు మనలెక్క ఉంటరా?"

"సంతల ఎద్దును జూసి పురాణం చెప్తరానే? బేకంటే బేకు. బేడంటే బేడ. దీంట్ల తిరకాసు ఏమున్నది."

"ఏమో. నీ ఇష్టం" అని ఆమె పొయ్యి దగ్గరికి పోయింది. గురులింగప్ప కాగితం నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకున్నాడు. ఇన్నేళ్లలో తన మాటకు కర్మాగారంలో విలువ వచ్చిందని లోలోపల కొంచెం పొంగాడు కూడా.

ఇరవై రోజులకు నోటీసు బోర్డు మీద కాగితం పడింది. ఆ సంగతి గురులింగప్పకు తెలిసింది ప్రకాశం నోటి వెంట. ఆయన గోల్‌పోస్టు దగ్గర గరిక కోస్తుంటే ప్రకాశం వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు.

"పెద్దయ్యా, నా మీద నువ్వు గూడ బేకార్ అని రాసినవంట."

గురులింగప్ప చేతిలో కొడవలి ఆగిపోయింది.

"నీకు తోచింది రాసినవు, తప్పు లేదు" అన్నాడు ప్రకాశం. "గాని జర నా ముంగట చెప్పుంటే దిద్దుకుంటుంటి. యూనియన్ అన్న, కెప్టెన్ నేను ఉండాలన్నరు. ఆఫీసోళ్లిద్దరు వద్దన్నరు. ఐదో కాగితం నీది. దాంతోని తేలిపోయింది. వచ్చే సోమవారం నాటికి క్వార్టరు ఖాళీ చెయ్యాలె. మా ఇంటామె దేవమ్మకు ఇంక చెప్పలేదు."

"నేను బేకార్ అని రాయలేదు కొడుకా."

"నోటీసుల పేరు పెట్టి ఉన్నది పెద్దయ్యా."

ప్రకాశం కుంటుకుంటూ వెళ్లిపోయాడు. గురులింగప్ప కొడవలి అక్కడే పడేసి, చేతులు కడగకుండా ఆఫీసుకు నడిచాడు. తలుపు దగ్గర ప్యూను ఆపబోయాడు గానీ ఆ మొహం చూసి పక్కకు జరిగాడు.

ఇంద్రసేన ఫైలు తీసి కాగితం చూపించాడు. "ఇదో, నీ చేతి రాత. ప్రకాశం పక్కన ఏమున్నది? బేకు. బేకార్ అని పూర్తిగ రాయరాక సగం రాసినవు. నేను అర్థం చేసుకున్న."

"బేకు అంటే కావాలె సారూ. కన్నడంల."

"కన్నడం నాకేం ఎర్క."

"మరి అమర్నాథ్ పక్కన బేడ అని రాసిన గద. దాన్ని ఏమనుకున్నవు?"

"బేడ అంటే పాత రెండణాలు. మనిషి పక్కన రెండణాలు ఎందుకు రాస్తవు? బెటర్ అని రాయబోయి తప్పు పోయినవనుకున్న." ఇంద్రసేన ఫైలు మూశాడు. "చూడు గురులింగం, నీ తప్పు ఏం లేదు. నా తప్పు గూడ లేదు. కాగితం పట్నం పోయింది, సంతకాలు అయినయి. ఇగ దాని మీద నువ్వు ఫికర్ చెయ్యకు."

 గురులింగప్పకు నిజంగానే తన రాతే కొంప ముంచిందేమో అనిపించింది. నాగవ్వ చెప్పినట్టు ఇంకో రెండు ముక్కలు రాయాల్సింది. మూడో తరగతి చదువుతో ఒక మనిషి ఇల్లు కూల్చానే అనుకున్నాడు.

అప్పుడే క్యాంటీన్ బస్వమ్మ చాయి గిలాసల తట్టతో లోపలికి వచ్చింది. ఆమెది సరిహద్దు అవతలి ఊరు. బల్ల దగ్గరికి పోయి, "చహా బేకేన్రి సార?" అంది.

ఇంద్రసేన ఫైలు సొరుగులో పెడుతూ, తల ఎత్తకుండా, "బేడవ్వా, బేడ" అన్నాడు.

 ఇంద్రసేన చెయ్యి సొరుగు మీదే ఉండిపోయింది. బస్వమ్మకు ఏమీ తెలియదు. "ఏమైందప్పా అట్ల జూస్తున్నవు?" అని గురులింగప్పను అడిగింది. "సారు బీదర్‌ల ఏడేండ్లు కొలువు చేసిండు గద. నాతోని ఎప్పుడు మన మాటనే మాట్లాడ్తడు."

గురులింగప్ప నోరు నిండింది. ఉమ్మడానికి ఆ గదిలో తన నేల ఎక్కడా లేదు, కాలువా లేదు. ఇంద్రసేన మొహం మీద ఉమ్మాలనిపించింది. అంత పనీ చేసేవాడే. కానీ ఉమ్మితే ముసలోడికి పిచ్చి పట్టిందని తనను పంపేస్తారు, ప్రకాశం క్వార్టరు ఖాళీ చేసి పోతాడు, లెక్క సరిపోతుంది. ఆ ఉమ్మి మింగేసి బయటికి నడిచాడు. అరవై ఏళ్లకు దగ్గరపడిన జీవితంలో అంత అసహ్యమైన వస్తువు ఏదీ మింగలేదని తర్వాత నాగవ్వతో చెప్పాడు.

"నీ ఎద్దుల సంతలనన్న గింత మోసం ఉంటదా" అంది నాగవ్వ.

"ఉండదే. ఆడ ఎద్దు కాలికి కట్టు కట్టి అమ్ముతరు. మాటకు కట్టు కట్టి అమ్మరు."

ఆ ఆదివారం సొంత మైదానం మీదే మ్యాచి. పట్నం నుంచి యజమానుల మనిషి వస్తున్నాడు, లీగు పెద్దలు వస్తున్నారు. షామియానా వేశారు. ప్రకాశానికి మిగిలింది ఆ ఒక్క రోజే, తెల్లారితే సోమవారం. మ్యాచి ఉన్నప్పుడల్లా తెల్లవారే సున్నం గీతలు వేయడం గురులింగప్ప పని. అందుకని ఆయన సున్నం డబ్బా పట్టుకుని మైదానంలో తిరుగుతుంటే కాపలావాడు కూడా పట్టించుకోలేదు. పక్క గీతలు వేశాడు, గోల్ గీతలు వేశాడు, మధ్య గుండ్రం వేశాడు. తర్వాత ఆ గుండ్రం లోపల, మనిషి పొడుగు అక్షరాలతో ఒక పేరు, ఒక మాట రాశాడు. మిగిలిన సున్నంతో వేప చెట్టు దగ్గరికి పోయి, కుర్చీ కాళ్లు చేసిన నాలుగు గుంటల ముందర ఇంకో మాట రాశాడు. తన చేనిలో తన చేత్తో వేసిన సాళ్లలాగా ఆ అక్షరాలు తిన్నగా వచ్చాయి. డబ్బా కడిగి, బోర్లించి, గోల్‌పోస్టు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

పొద్దెక్కేకొద్దీ కార్మికులు వచ్చారు. వాళ్లలో సగం మంది సరిహద్దు ఊళ్ల వాళ్లే. చదివినవాళ్లు చదవనివాళ్లకు చెప్పారు. నవ్వులు మొదలయ్యాయి. అమర్నాథ్ ఎప్పటిలాగే ఆలస్యంగా, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, నేల చూడకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ల ముందు బేడ అని తెల్లగా మెరుస్తుంటే, దాని వెనక కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న ఆ మనిషిని చూసి జనం పక్కలు పట్టుకున్నారు. తన టీముకు ఇవాళ ఇంత ఉత్సాహం వచ్చిందేమిటా అని ఆయన చెయ్యి ఊపాడు కూడా.

టీములు లోపలికి వచ్చాయి. రామ్‌కిషన్ గుండ్రం దగ్గరికి వచ్చి ఆగాడు. వంగి చదివాడు. వాచిన మోకాలు చాచుకుని ఆ అక్షరాల పక్కనే కూర్చున్నాడు. కెప్టెన్ కూర్చున్నాడు. వాళ్లను చూసి మిగతా వాళ్లూ కూర్చున్నారు. రెఫరీ రెండుసార్లు ఈల ఊది, షామియానా వంక చూశాడు.

పెద్ద మేనేజరు ఇంద్రసేనను వెంటబెట్టుకుని గీత దాటి లోపలికి వచ్చాడు. పక్కన యజమానుల మనిషి కూడా ఉన్నాడు.

"ప్రకాశం అని ఉంది. తర్వాతది ఏమిటి?" అన్నాడు మేనేజరు. "బేకారా?"

 ఇంద్రసేన చుట్టూ చూశాడు. ఐదారు వందల మంది గీత వెంబడి నిలబడి ఆయన నోటి వంకే చూస్తున్నారు. నవ్వులు ఆగిపోయాయి. చాయి తట్ట నెత్తిన పెట్టుకుని బస్వమ్మ కూడా ముందు వరసలోనే ఉంది. గురులింగప్ప గోల్‌పోస్టు దగ్గర లేచి నిలబడ్డాడు.

"చెప్పవయ్యా, నీకు తెలుసా తెలియదా?"

"కావాలె అని సార్" అన్నాడు ఇంద్రసేన. అది మేనేజరు ఒక్కడికే వినపడింది. మళ్లీ అన్నాడు. "ప్రకాశం కావాలె అని."

యజమానుల మనిషి ముందుకు వచ్చాడు. "మీరు పంపిన కాగితంలో ఇదే మాటకు పనికిరాడు అని అర్థం రాశారు కదా."

ఇంద్రసేన నేల చూశాడు.

"మరి ఆ కుర్చీ ముందర ఉన్నది?"

"వద్దు అని సార్."

అప్పుడు గాని అమర్నాథ్ కళ్లద్దాలు తీసి కాళ్ల వంక చూసుకోలేదు. అప్పుడు పడిన ఈలలు బొంబాయి రోడ్డు మీద లారీలను ఆపాయని జనం చాలాకాలం చెప్పుకున్నారు. అది అబద్ధమే అయి ఉంటుంది. మేనేజరు పరిస్థితి మాత్రం మింగలేక కక్కలేక అన్నట్టు అయింది. ఒక పక్క తోడల్లుడు, ఒక పక్క యజమానుల మనిషి. ప్రకాశాన్ని పిలవండి అన్నాడు చివరికి.

క్వార్టరుకు మనిషిని పంపారు. ప్రకాశం పరుపు చుట్ట కడుతున్న తాడు చేతిలో పట్టుకునే వచ్చాడు. గుండ్రం చూశాడు, గురులింగప్పను చూశాడు.  మొదట చేసిన పని ఏమిటంటే, రామ్‌కిషన్‌ను చంక కింద పట్టి లేపి, నువ్వు ఇయ్యాల ఆడేది లేదు, అవతల కూసో అని గీత బయట కూర్చోబెట్టడం.

ఆ ఆట కూడా ఓడిపోయారు, రెండు ఒకటితో. సున్నం అంతా మోకాళ్లకు, మోచేతులకు పూసుకుని, ఆ పిల్లలు చివరి దాకా ఉరికారు. గురులింగప్ప ఆనాడు ఒక్కసారి కూడా కాలువకు పోలేదు.

మంగళవారం నాటికి ప్రకాశం మీద ఉత్తర్వు వాపసు తీసుకున్నారు. అంతటితో ధర్మం నాలుగు పాదాల మీద నడిచిందని ఎవరూ అనుకోకండి. అమర్నాథ్ ఆ సీజను ముగిసేదాకా జీతం తీసుకుంటూ అదే కుర్చీలో కూర్చున్నాడు. పోయేనాడు పూలదండ వేసి, శాలువా కప్పి పంపారు. గుడ్ల మాస్టరును వంటశాల మీద ఇన్‌ఛార్జిగా వేశారు. ఇంద్రసేనకు ఒక్క ముక్క మందలింపు లేదు, రెండేళ్లకు పెద్ద కుర్చీ కూడా వచ్చింది. శాలువా కప్పిన పూట గురులింగప్ప బాట పట్టి కాలువకు పోయి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

శిక్ష పడింది ఆయనొక్కడికే. కంపెనీ సున్నం దుర్వినియోగం చేసి మైదానం పాడు చేసినందుకు పదిహేను రోజులు పనిలోంచి ఆపారు. ఆ కాగితం మీద సంతకం పెట్టమని ఇంద్రసేన గదికే పిలిచారు. కింద ఒక ఖాళీ గీత ఉంది. క్షమాపణ కోరదలిస్తే ఇక్కడ రాయవచ్చు, శిక్ష తగ్గించబడును అని దాని మీద అచ్చు వేసి ఉంది. గుమాస్తా చదివి చెప్పాడు.

గురులింగప్ప పెన్ను తీసుకుని ఆ గీత మీద తన అక్షరాలతో ఒక్క మాట రాసి, ఇంద్రసేన ముందుకు నెట్టాడు. బేడ.

ఇంద్రసేన చదివాడు. గుమాస్తా మెడ చాచి, ఏమన్నడు సార్ అని అడిగాడు. ఈసారి ఇంద్రసేనకు అర్థం తెలియక పోలేదు. పక్కన తెలుగులో, తన చేత్తోనే, వద్దన్నాడు అని రాసి ఫైలులో పెట్టాడు.